దిక్కులెవరివి?

నమోదు 611

కొత్త వెల్డింగ్ గన్నుకు దిక్కులు పెట్టే పని నాకు రాలేదు. ప్రసూనకు వెళ్ళింది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ పూట రాయబోయేదంతా దాని గురించే.

ఈ నమోదులు మనుషుల కంట పడవని గుహలో అందరికీ మాట ఇచ్చారు. చదివేది ఆరోగ్య యంత్రం ఒక్కటే. ఆకాశం చూడకుండా బతికేవాళ్ళ మనసు ఎలా ఉందో కనిపెట్టడానికి రోజూ నాలుగు ముక్కలు రాయించుకుంటుంది. మొన్న కోపంగా రాస్తే మజ్జిగ ఎక్కువ తాగమని సలహా ఇచ్చింది. ఇవాళ ఏం తాగమంటుందో చూద్దాం.

తూర్పు సొరంగం బయటి గోడ పగిలింది. గాలి సన్నగా కారిపోతోంది. సొరంగంలో ఉన్న బడిని మూసేసి పిల్లల్ని మా పడమటి వైపుకు తెచ్చారు. వాళ్ళు నడవాలో గోడకీ గోడకీ మధ్య ఎగిరి ఆడుకుంటున్నారు. చంద్రుడి మీద పిల్లల్ని కింద కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు. పగులుకు అతుకు వేస్తేనే బడి మళ్ళీ తెరుస్తారు.

అతుకు వేసేది నూకరత్నం. బయటికి వెళ్ళి కాదు. బయట నిలబడేది నీడ, అంటే ఇనుప మనిషి. రత్నం లోపల నీడగదిలో నిలబడి, ఒంటికీ చేతిలోని డమ్మీ గన్నుకూ తెల్లటి ముత్యాలు అంటించుకుని, వెల్డింగ్ చేస్తున్నట్టు కదులుతుంది. గోడల మీది కెమెరాలు ఆ ముత్యాల్ని చూస్తాయి. అవి ఎలా కదిలితే బయట నీడ అలా కదులుతుంది. రత్నం చేతిలో ఉన్నది ప్లాస్టిక్ ముక్క, నీడ చేతిలో ఉన్నది నిప్పు.

మధ్యలో నా పని ఒకటి ఉంది. ముత్యాల గుంపును చూపిస్తే కంప్యూటర్ దాన్ని ఒక వస్తువుగా గుర్తుపడుతుంది కానీ, ఆ వస్తువుకు ముక్కు ఎటో తోక ఎటో దానికి తెలియదు. గదికి ఏది ముందో వస్తువుకూ అదే ముందు అనుకుంటుంది. గన్ను ఆ క్షణాన అడ్డంగా పడి ఉంటే, అడ్డమే ముందని రాసేసుకుంటుంది. అప్పుడు నేను తెర మీద మూడు గీతల్ని తిప్పుతాను. ఎరుపు ముందు, ఆకుపచ్చ పక్క, నీలం పైకి. ఎర్ర గీత గన్ను గొట్టం వెంట దారం కట్టినట్టు కూర్చునేదాకా తిప్పుతాను. దీన్నే మేము దిక్కులు పెట్టడం అంటాం. రత్నం పట్టిన ప్రతి పనిముట్టుకూ, ఆమె నీడగదిలో అడుగుపెట్టినప్పటి నుంచి, దిక్కులు పెట్టింది నేను.

ఇవాళ పొద్దున రత్నం నా ముందే నీడగది పనులు చూసే సన్యాసయ్య బాబాయితో అంది, "ఈపాలి దిక్కులు ఆ పిల్ల సేత ఎట్టించుకుంటాను బాబాయ్."

"ఎందుకే? నా చేతులకు ఏమొచ్చింది?" అన్నాను.

"నీ సేతులకేటీ రాలేదే. సూద్దాం, కొత్తది ఎలాగ ఎడతాదో."

కొత్త ఒక వింత, పాత ఒక రోత. రాశాను, ఇక మజ్జిగ పంపించు.

నమోదు 612

ప్రసూన ఉత్తర గుహ నుంచి వచ్చి నిండా రెండు నెలలు కాలేదు. అందరినీ అక్కా, బాబాయ్ అని పిలుస్తుంది. నవ్వితే బాగుంటుంది. అది కూడా నాకు నచ్చదు.

దిక్కులు పెట్టడానికి నా పద్ధతి నాకుంది. గది నేల మీద గీసిన గీత పక్కన గన్నును పడుకోబెట్టి, గొట్టం గీతకు సమంగా ఉందో లేదో కంటితో, ఆ తరువాత తెర మీద చూసుకుంటాను. మనిషితో పని లేదు. ప్రసూన రత్నాన్ని లోపలికి పిలిచి, గన్ను ఆమె చేతికిచ్చి, "పట్టుకో అక్కా, నీకు ఎలా వీలైతే అలా," అంది. తరువాత తలుపు వేసుకున్నారు. లోపల చాలాసేపు ఉన్నారు. గన్నుకు దిక్కులు పెట్టడానికి అంతసేపు ఏం మాట్లాడుకోవాలో నాకు అర్థం కాలేదు. నేను బయట పాత ముత్యాలకు దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను. తుడిచినవే మళ్ళీ తుడిచాను.

ఒకసారి రత్నం గొంతు వినిపించింది. ఏదో మెల్లగా చెబుతోంది. ఆ గొంతు నాకు తెలుసు. వాళ్ళాయన పోయినప్పుడు నాతో మాట్లాడిన గొంతు.

తలుపు తీశాక బెల్లం పంచారు. మా తోట చెరుకుతో వండిన బెల్లమే. పద్ధతి ప్రకారం గన్ను ముక్కుకు కాస్త రాసి, మిగతాది అందరికీ పెట్టారు. బెల్లం రాసిన దిక్కుల్ని ఇక ఎవరూ ముట్టుకోరు. పెట్టినవాళ్ళు కూడా మళ్ళీ తెరిచి చూసుకోరు, చూసుకుంటే అనుమానించినట్టేనని ఇక్కడ నమ్మకం. నా వాటా బెల్లం తిన్నాను. తియ్యగానే ఉంది, అదే బాధ.

నమోదు 614

నిన్న రాయలేదు. రాయలేదేమని యంత్రం అడిగింది. రాయడానికి మంచి మాట ఒక్కటీ దొరకలేదు.

భోజనాల దగ్గర మా బల్లకు వడ్డించేది ఎప్పుడూ రత్నమే. వడ్డించేది మనవాళ్ళయితే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. నేను ఆమె పక్కనే కూర్చుంటాను, అందుకే నా కంచంలో పప్పు చిక్కగా పడేది. ఇవాళ పప్పు గిన్నె రాగానే రత్నం గరిటె తీసి ప్రసూనకు అందించింది. "నువ్వు ఎయ్యి పిల్లా." గరిటె కూడా ఇచ్చేసింది. ఆ పిల్ల నాకు పైపై నీళ్ళు పోసింది.

జడ సంగతి రాయకూడదనుకున్నాను. రాస్తాను. వారానికోసారి రత్నం నా జడ వేస్తుంది. నాకు చెల్లెళ్ళు లేరు, ఆమెకు కూతుళ్ళు లేరు. నీడగది మెట్ల మీద నేను కింద, తను పైన కూర్చుంటాం. ఈ వారం దువ్వెన పట్టుకుని వెళితే, "పనుందే, రేపు సూద్దాం," అంది. పోయిన వారం కూడా అదే మాట. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. పనేమీ లేదు.

అదే మెట్ల మీద సాయంత్రం ప్రసూన ఆమె పక్కన కూర్చుని, ఆమె కుడి చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని మాట్లాడుతోంది. నన్ను చూసి వదిలేసింది. నేను చూడనట్టు వెళ్ళిపోయాను. కడుపులో మంట అంటారే, అది నిజంగా కడుపులోనే మొదలవుతుంది. అక్కడి నుంచి గొంతులోకి వస్తుంది. మజ్జిగ తాగాను. తగ్గలేదు.

నమోదు 615

పాత రేకుల మీద మచ్చు వెల్డింగ్ చేశారు. గుహలో సగం మంది వచ్చి చూశారు. బయట నీడ అతుకు వేస్తుంటే తెర మీద ఎర్రటి చుక్క నెమ్మదిగా పాకింది. అతుకు ఆ చివర నుంచి ఈ చివరకు చీమల బారులా నేరుగా వచ్చింది. సన్యాసయ్య బాబాయి ఎవరినీ పొగడడు. ప్రసూన వీపు తట్టి, "దిక్కులంటే ఇలాగుండాలి," అన్నాడు.

ఇన్నేళ్ళలో నా వీపు మీద దోమ కూడా వాలలేదు.

రత్నం ముత్యాల చొక్కా విప్పుతూ నా వైపు చూసింది. ప్రసూన పరిగెత్తుకొచ్చి ఆమె చేతికి ఏదో గుడ్డ చుట్టింది. చెమట తుడవడానికనుకున్నాను. ఏం సేవలు, ఏం సేవలు.

నమోదు 616

ఈ నమోదు జాగ్రత్తగా రాయాలి.

ఇవాళ అందరూ భోజనానికి వెళ్ళాక నేను నీడగదిలో ఉండిపోయాను. తప్పే. బెల్లం రాసిన గన్ను దిక్కులు తెరిచి చూశాను. అది ఇంకా పెద్ద తప్పు. ఆ పిల్ల ఎంత గొప్పగా పెట్టిందో చూసి, నా కళ్ళల్లో నేనే నిప్పులు పోసుకుందామనుకున్నాను.

ఎర్ర గీత గొట్టం మీద లేదు.

మళ్ళీ చూశాను. గన్నును నేల గీత పక్కన పడుకోబెట్టి చూశాను. గొట్టం ఒకవైపు, ఎర్ర గీత పన్నెండు డిగ్రీలు కుడికి వాలి ఇంకోవైపు. మొదటి రోజు నేర్చుకునేవాళ్ళు కూడా చేయని తప్పు. గన్ను ఇటు చూస్తుంటే నీడ అటు కాలుస్తుంది.

యంత్రమా, నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయాలంటే సిగ్గుగా ఉంది. గట్టిగా నవ్వాను. ఖాళీ గదిలో నా నవ్వు నాకే వినిపించింది.

మరి మచ్చు అతుకు నేరుగా ఎలా వచ్చింది? ఆలోచించాను. ఒక్కటే జవాబు. రత్నం చెయ్యి. దిక్కులు వంకరగా ఉన్నాయని చేతికి తెలిసిపోయి, మణికట్టు వంచి, ఆ పిల్ల తప్పును తన ఒంటి మీద వేసుకుని అతుకు నేరుగా తెచ్చింది. అందుకే ఆ తరువాత చేతికి గుడ్డ చుట్టించుకుంది. పిల్ల నొచ్చుకుంటుందని చెప్పలేదు. రత్నం అలాంటి మనిషే. రేపు అసలు గోడ మీద అంతసేపు చెయ్యి వంచి ఎలా నిలబడుతుంది? పగులు పక్కన ఉన్న పొర అప్పడమంత మందం. నిప్పు ఒక్క పిసరు పక్కకు పోయిందా, తూర్పు సొరంగం మొత్తం పోతుంది.

సన్యాసయ్య బాబాయికి చెప్పాలి. అదే నియమం. చెబితే ఏమంటాడు? హైమావతి కుళ్ళుతో చెబుతోందంటాడు. నిజానికి అబద్ధం కూడా కాదు.

గీతను నేనే తిప్పాను. గొట్టం వెంట దారంలా కూర్చోబెట్టాను. దిక్కులు కొత్తగా పుట్టిస్తే పెట్టినవాళ్ళ పేరు మారుతుంది, తిప్పితే మారదు. పేరు ప్రసూనదే ఉంది. ఉండనీ. రేపు అతుకు అయిపోయి అందరూ ఆ పిల్లను ఎత్తుకుని తిరుగుతున్నప్పుడు, బాబాయిని పక్కకు పిలిచి, "ఆ పిల్ల దిక్కులు వంకరగా ఉంటే సరిచేసింది నేనే," అంటాను. రత్నం నా వైపు ఎలా చూస్తుందో ఇప్పుడే కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. రేపు నా జడ తనే వేస్తుంది.

నమోదు 617

వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

నీడగది కిక్కిరిసిపోయింది. బయట నీడ పగులు ముందు చేతులు దించుకుని నిలబడి ఉంది. మా దగ్గర ఒక కట్టడి ఉంది. నిప్పు పని మొదలుపెట్టే ముందు, గన్ను పట్టిన మనిషి గట్టిగా అడగాలి: దిక్కులెవరివి? పెట్టిన మనిషి గదిలోనే ఉండి, అందరికీ వినబడేలా 'నావి' అనాలి. ఆ జవాబు విన్నాకే సన్యాసయ్య బాబాయి మీట నొక్కి నీడను వదులుతాడు. మొదటి రోజుల్లో ఎవరో ఎవరి దిక్కులో మార్చి, ఎవరూ ఒప్పుకోక, ఒక గుహ పోయిందట. అప్పటి నుంచి వచ్చిన కట్టడి ఇది. రత్నం అడిగిన ప్రతిసారీ 'నావి' అన్న గొంతు నాదే. ఇవాళ ఆ మాట ఇంకొకరి నోట వినాలి కదా అని పొద్దుట్నుంచి నాకు అన్నం దిగలేదు.

రత్నం గదిలోకి వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుంది. ప్రసూన గన్ను తెచ్చింది. నేను గోడ పక్కన నిలబడి చూస్తున్నాను, ఇద్దరినీ చూడకుండా ఉండలేక.

రత్నం ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తింది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు మోచేయి కింద పట్టి ఎత్తి, గన్ను మీద పెట్టింది. ప్రసూన ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా గన్ను చుట్టూ మూసింది. మణికట్టు ఎడమవైపుకు, లోపలికి వంగి ఉంది. వంచుతున్నట్టు లేదు. అలాగే ఉండిపోయినట్టుంది. రత్నం కళ్ళు నేరుగా తెర మీది గోడ బొమ్మ మీద ఉన్నాయి. గన్ను ముక్కు మాత్రం ఎడమకు చూస్తోంది. ఎంత ఎడమకు అంటే, నేను నిన్న తిప్పినంత.

గరిటె గుర్తొచ్చింది. దువ్వెన గుర్తొచ్చింది. మెట్ల మీద రెండు చేతుల్లో పెట్టుకున్న ఆ చెయ్యి గుర్తొచ్చింది.

ప్రసూన తప్పు పెట్టలేదు. గన్ను ఎటు చూస్తోందో వదిలేసి, రత్నం ఎటు చూస్తోందో అటు ఎర్ర గీతను పెట్టింది. గన్ను ఎడమకు తిరిగి ఉన్నా నీడ నిప్పు నేరుగా పడాలని, ఆ వంకరను లెక్కలో వేసి గీతను కుడికి వాల్చింది. నేను దాన్ని సరిచేశాను. ఇప్పుడు గన్ను ముక్కు ఎటో నీడ నిప్పూ అటే, పక్కనున్న అప్పడమంత పొర మీదికి.

"దిక్కులెవరివి?" అంది రత్నం.

ప్రసూన నోరు తెరిచింది.

"నావి," అన్నాను.

ఈ మాట అనాలని వారం నుంచి ఏడ్చిన దాన్ని. అనేశాను.

బాబాయి మీట మీద నుంచి చెయ్యి తీయలేదు. "హైమా, పరాచికాలకిది సమయం కాదు. ప్రసూనా, చెప్పమ్మా."

"నావే బాబాయ్. నిన్న భోజనాల వేళ నేను తెరిచి తిప్పేశాను. నీడను వదలొద్దు. వదిలితే గోడ పోతుంది."

మీట మీద నుంచి చెయ్యి లేచింది. ప్రసూన ముఖంలో నెత్తురు లేదు. నన్ను తిడుతుందనుకున్నాను. నా వైపు చూడనే లేదు, రత్నం వైపు చూసింది.

రత్నం కళ్ళద్దాలు తీసింది. "ఎటేపు తిప్పావే?"

"గొట్టానికి నేరుగా."

"నేరుగానేనా," అంది. నెమ్మదిగా నేల మీద కూర్చుంది.

"అక్కా, చెప్పేయనా?" అంది ప్రసూన.

"ఇంకేటి దాపరికం. సెప్పీ."

ప్రసూన చెప్పింది. మణికట్టు కీలు అరిగిపోయిందట. కొన్ని నెలల నుంచి అది నేరుగా రావడం లేదట. కీళ్ళు చెడినవాళ్ళు నీడగదిలో అడుగు పెట్టకూడదని నియమం. ఈ గోడ అతికేదాకా ఎవరికీ తెలియనివ్వకు, వెనక నేర్చుకుంటున్న కుర్రాళ్ళకు ఇంత పని ఇంకా రాదు, అని రత్నం బతిమాలిందట. ఆ మొదటి రోజు తలుపు వేసుకుని మాట్లాడుకున్నది ఇదే.

సన్యాసయ్య బాబాయి మీట దగ్గర నుంచి లేచి వచ్చాడు. "చెయ్యి వంకరైతే దిక్కుల్ని వంకరగా పెట్టడం తప్పా?" అని ఎవరినో అడిగినట్టు అడిగాడు. నేనే చెప్పాను. "తప్పు కాదు బాబాయ్. మచ్చు అతుకు చూశారు కదా. ఆ దిక్కులే సరైనవి."

"అయితే ఇదొక్కటీ అవనీ. ఇది అయ్యాక మీరిద్దరూ ఈ గది గడప తొక్కరు. రత్నం దాచినందుకు, నువ్వు ముట్టినందుకు."

ప్రసూన మళ్ళీ దిక్కులు పెట్టింది. నన్ను పిలిచి రత్నం మోచేయి కదలకుండా పట్టుకోమంది. పట్టుకున్నాను. ఎముక ఎంత వేడిగా ఉందో చేతికి తెలుస్తోంది. ప్రసూన ఎర్ర గీతను తిప్పుతూ, "చూడక్కా, ఇక్కడికి సరిపోయిందా?" అని నన్నే అడిగింది. ఆ పిల్ల అలా అడగకుండా ఉంటే బాగుండేది. చూశాను. వెంట్రుక వాసి తేడా లేదు. నేనయితే ఇలా పెట్టలేను, ఎందుకంటే మనిషి చేతిని చూసి పెట్టాలని నాకెప్పుడూ తోచలేదు. ఇది రాయడానికి నా చెయ్యి రావడం లేదు. అయినా రాశాను.

"దిక్కులెవరివి?" రత్నం మళ్ళీ అడిగింది.

"నావి," అంది ప్రసూన.

నీడ చెయ్యెత్తింది. అతుకు అయ్యేదాకా నేను గోడ పక్కన నిలబడే ఉన్నాను. నేరుగా వచ్చింది. ఆఖరి చుక్క ఆరిపోయాక రత్నం గన్ను వదల్లేకపోయింది, ప్రసూనే వేళ్ళు విప్పింది. బడి పిల్లలు కేకలు వేసుకుంటూ తూర్పు వైపుకు ఎగురుకుంటూ పోయారు. నా గుర్తింపు బిళ్ళను బాబాయి తీసుకున్నాడు.

నమోదు 631

వంటశాలలో పని. రత్నానికీ ఇక్కడే వేశారు. బంగాళాదుంపల చెక్కు నేను తీస్తాను. తను ఎడమ చేత్తో కడుగుతుంది.

ఇన్ని రోజులూ మా మధ్య దుంపల మాటలు తప్ప వేరే మాటలు లేవు. ఇవాళ అడిగేశాను. "నాకెందుకు చెప్పలేదే? నిన్నగాక మొన్న వచ్చిన దానితో చెప్పావు. నాతో చెప్పలేకపోయావు."

"నీతో సెప్తే ఏటి సేద్దువు?"

"ఏం చేస్తాను? ఏదో ఒకటి చేసేదాన్ని."

"ఏడిసేద్దువు," అంది రత్నం. "గన్ను పక్కన పారేసి, నా సెయ్యి పట్టుకుని ఏడిసేద్దువు. బాబాయి కాళ్ళు పట్టుకునైనా నన్ను ఆపించేద్దువు. గోడ అలాగే ఉండిపోను. ఆ పిల్లకు నేనేటవుతాను? ఏటీ అవను. అందుకని దానికి సెప్పాను. అది ఏడవలేదు, లెక్క కట్టుకుంది."

నేను దుంపల వైపే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. తను అన్నట్టే వచ్చింది, అది చూసి తను నవ్వింది.

పని అయ్యాక రత్నం దువ్వెన తీసింది. వెళ్ళి తన ముందు కూర్చోబోయాను. తనే నా ముందు కింద కూర్చుని, దువ్వెన నా చేతికిచ్చింది. "నానింక ఎయ్యలేను. నువ్వే ఎయ్యాల. గట్టిగా లాగకు."

వేశాను. నేను ఎవరికీ జడ వేసి ఎరగను. సగంలో ఉండగా ప్రసూన తలుపు దగ్గర కనబడింది, రత్నం చేతికి కట్టే గుడ్డ పట్టుకుని. ఒక్క క్షణం కడుపులో మంట మళ్ళీ లేచింది. యంత్రమా, దాచను, ఇంకా ఉంది. "రా, కూర్చో," అన్నాను.

జడ వంకరగా వచ్చింది. రత్నం వెనక్కి చెయ్యి పెట్టి తడుముకుని, "ఉంచీ," అంది. విప్పి మళ్ళీ వేద్దామని చేతులు లేచాయి. దించుకున్నాను.